వేసవి సెలవులు, చేతిపనులు: ముంజకాయ బండి చెప్పే చరిత్ర

ఏప్రిల్ నెలాఖరు వచ్చేసరికి మన ఇళ్లలో సందడి మొదలవుతుంది. బడులకు సెలవులిస్తారు. పొరుగూళ్ల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి, కొందరి ఇళ్లకు విదేశాల నుంచి కూడా మనవలు, మనవరాళ్లు వచ్చి చేరతారు. మొదటి వారం ముద్దుముచ్చట్లతో గడిచిపోతుంది. రెండో వారం నుంచి "తాతయ్యా, ఏమీ తోచడం లేదు" అన్న మాట వినిపిస్తుంది. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల టీవీ, సెల్‌ఫోను. ఈ రెంటి నడుమ పసివాళ్లకు ఏ వ్యాపకం కల్పించాలన్నది పెన్షనర్ల ఇళ్లలో ఏటా వచ్చే ప్రశ్నే.

దీనికి జవాబు కొత్తగా వెతకనక్కరలేదు. వేసవిలో పిల్లలు చేసుకునే చిన్న చిన్న చేతిపనులకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. అందులో మట్టిబండి ఉంది, తాటిచెట్టు ఉంది, ఒక ప్రభుత్వోద్యోగి రాసిన పుస్తకం ఉంది, రేడియో ఉంది, హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి అయిన ఒక విద్యావేత్త కూడా ఉన్నారు. ఆ చరిత్రను టూకీగా పాఠకులకు మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విద్యలో ఎక్కువ భాగం పుస్తకాల్లోకి ఎక్కలేదు. చేతిలోంచి చేతిలోకి వచ్చింది. ఇప్పుడది మిగిలి ఉన్నది ముఖ్యంగా మన తరం చేతుల్లోనే.

మూసారాం ఎవరు?

ముందుగా మన పేట పేరు గురించి ఒక మాట. మూసారాంబాగ్ అన్న పేరు ఒక ఫ్రెంచి సేనాధిపతిది. నిజాం అలీ ఖాన్ కొలువులో సైన్యాన్ని తీర్చిదిద్దిన మాన్సియర్ రేమండ్ 1755లో పుట్టి 1798 మార్చి 25న చనిపోయాడు. ఆయన పేరు జనం నోట మూసా రహీం అనీ, మూసా రాం అనీ మారింది. ఆయన తోట మూసారాంబాగ్ అయింది. దగ్గరలో అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి, దాని మీద ఎత్తయిన నల్లరాతి స్తంభం ఇప్పటికీ ఉన్నాయి. పక్కనున్న మంటపం 2001లో వానలకు కూలిపోతే తిరిగి కట్టారు. సాయంత్రం ఎండ తగ్గాక పిల్లలను తీసుకెళ్లి, ఆ స్తంభం బొమ్మ గీయమని చెప్పి చూడండి. ఒక సాయంత్రం హాయిగా గడుస్తుంది, ఊరి చరిత్రా తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే ఆ పేరు రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది. రోజూ నలుగురి నోటా నలిగింది కనుక నిలిచింది. ఈనాడు బస్సు బోర్డు మీదా, 2018లో మొదలైన మెట్రో స్టేషను మీదా అదే పేరుంది. చేతిపనులు కూడా ఇలాగే చేతి నుంచి చేతికి వచ్చినవే. కాకపోతే వాటికి బోర్డు లేదు. చేసేవాళ్లు మానేస్తే ఇంకెక్కడా మిగలవు.

మట్టిబండి, బంగారు బండి

పిల్లల బొమ్మబండి ఎంత పాతదో పురావస్తు శాఖవారి తవ్వకాలే చెబుతున్నాయి. హరప్పా, మొహెంజొదారోల్లో సుమారు 4500 ఏళ్ల నాటి మట్టి ఎడ్లబండ్లు, పక్షి ఆకారంలో ఈలలు, తల ఊపే ఎద్దు బొమ్మలు దొరికాయి. శూద్రకుడి నాటకం పేరు 'మృచ్ఛకటికం' అంటేనే మట్టిబండి. అందులో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుంటాడు. వాళ్లు దాన్ని తీసుకుపోయాక, దాసి రదనిక చేసిచ్చిన మట్టిబండి తనకు వద్దని ఏడుస్తాడు. వసంతసేన జాలిపడి తన నగలతో ఆ మట్టిబండిని నింపుతుంది. కొన్న బొమ్మ కావాలని పిల్లవాడు మారాం చేయడం, ఇంట్లో చేసిన బొమ్మతో ఊరడించాలని పెద్దలు చూడడం నిన్న మొన్నటి సంగతి కాదన్నమాట.

మన తెలుగునాట బొమ్మల కళకు కొదవ లేదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలను తేలికైన పొనికి కర్రతో చెక్కుతారు, ముక్కలను చింతగింజల ముద్దతో అతుకుతారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క రంగులద్దుతారు. మన ఆడపిల్లలు వంటలు వండిన లక్కపిడతలు ఆ కోవలోవే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించింది.

ఇవి వృత్తి కళాకారులు చేసిన బొమ్మలు, సంతలోనో తీర్థంలోనో కొనేవి. ఇంట్లో పిల్లలు తామే చేసుకునే బొమ్మల సంగతి వేరు. అవి మూడు రోజులుంటే గొప్ప. మ్యూజియంలోకి ఎక్కవు, చరిత్రకారుడి కంట పడవు. కాని పిల్లవాడి చేతికి పని నేర్పింది అవే.

వేసవి ఇచ్చిన సామాను

ఈ బొమ్మలకు కావలసిన సామాను ఆ ఋతువే ఇచ్చేది. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు వస్తాయి. ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలు రెండు తీసుకుని, వాటి మధ్య ఒక గట్టి పుల్లను ఇరుసుగా గుచ్చితే చక్రాలు సిద్ధం. పొడవైన పంగల కర్రను ఇరుసుకు ఆనించి తోస్తే బండి పరుగెడుతుంది. తెలంగాణలోనూ కోస్తాలోనూ రాయలసీమలోనూ ఈ బండిని తోయని పల్లెటూరి పిల్లవాడు ఆ రోజుల్లో అరుదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన ముంజలమ్మేవారు ఒలిచిన ముంజలే కవర్లో పోసి ఇస్తారు. రెండు కాయలు బుర్రలతో సహా ఇమ్మని అడిగితే కాదనరు.

తాటాకు రెండు ముక్కలు అడ్డంగా నిలువుగా పేర్చి, మధ్యలో తుమ్మముల్లు గుచ్చి పుల్లకు పెడితే గాలిగిరక. ఎదురుగాలిలో పరుగెత్తితే గిర్రున తిరుగుతుంది. పట్నంలో తాటాకు దొరకకపోతే పాత పెళ్లిపత్రిక అట్ట, గుండుసూది చాలు. కొబ్బరాకుతో బూర, కళ్లజోడు, చేతిగడియారం చేసేవారు. తెలంగాణ పల్లెల్లో పశువుల మేతకు వాముగా వేసిన జొన్న సొప్పలోంచి ఒక దంటు లాగి, పై బద్ద ఒలిచి, లోపలి బెండును ముక్కలు కోసేవారు. ఆ బద్దలనే సన్నగా చీల్చి మేకుల్లా గుచ్చితే ఎడ్లు, బండి, మంచం తయారయ్యేవి. మేకు, జిగురు రెండూ ఆ దంటులోనే ఉన్నట్టు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఆ బద్ద అంచు కత్తిలా కోస్తుంది కనుక ఒలిచే పని పెద్దలే చేసిపెట్టాలి.

మిట్టమధ్యాహ్నం ఎండకు బయటికి పంపరు కదా, అప్పుడు చింతగింజలు పనికొచ్చేవి. నాలుగు గింజలను గరుకు బండ మీద ఒకవైపు అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడుతుంది. అవే అష్టాచెమ్మ ఆటకు పాచికలు. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నలుపు పడితే అష్ట, అంటే ఎనిమిది. నేల మీద సుద్దముక్కతో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీస్తే ఆట మొదలు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న వామనగుంటల పీట ఉంటే సరే, లేకపోతే పద్నాలుగు పేపరు కప్పులు పెట్టినా ఆట సాగుతుంది. లెక్కలు రాని పిల్లలు ఆ గుంటల్లో గింజలు పంచుతూ కూడికలు, తీసివేతలు వాటంతటవే నేర్చుకునేవారు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం గింజలు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి దాచాలి. ముక్కులోనో గొంతులోనో పెట్టుకుంటే ప్రమాదం.

అందరికీ ఒకే వేసవి కాదు

గడిచిన కాలాన్ని తలుచుకునేటప్పుడు అంతా బంగారమే అనిపించడం సహజం. చరిత్ర రాసేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి. వేసవిలో ఆడపిల్లలు గుడ్డబొమ్మలకు, తాటాకు బొమ్మలకు పెళ్లిళ్లు చేసేవారు. పెద్దలు విడిదిళ్లు ఏర్పాటు చేసి, వియ్యాలవారికి పప్పుబెల్లాలు పంచేవారు. ముచ్చటైన ఆటే. కాని ఆ బొమ్మల పెళ్లి చేసిన పిల్లలకే ఏడాది రెండేళ్లలో నిజం పెళ్లి జరిగిపోయిన రోజులవి. బాల్య వివాహ నిరోధక చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలయింది. ఆచారం తగ్గడానికి ఆ తరవాత కూడా చాలా కాలం పట్టింది.

అలాగే, సెలవులన్నవి బడికి వెళ్లే పిల్లలకే. పశువుల వెంట, పొలాల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసే పిల్లల చేతులకు వేసవి లేదు. శాంతా సిన్హాగారి నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో అలాంటి పిల్లలను పని మాన్పించి, శిబిరాల్లో చదువు చెప్పించి బడుల్లో చేర్పించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లలకు చేతిపని ఆటగా ఉండాలి తప్ప కూలి కాకూడదన్నది మనం మరచిపోకూడని సంగతి.

ఒక ఉద్యోగి రాసిన కాగితం పుస్తకం

చేతిపని చదువులో భాగం కావాలన్న ఆలోచన ఐరోపాలో బలపడింది జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ వల్ల. ఆయన 1837లో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టి, తరవాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు. ఆ మాటకు అర్థం పిల్లల తోట. కాగితం మడతలు, అల్లికలు, చెక్క దిమ్మలు అక్కడి పాఠాలు.

ఆ కాగితం మడతలు మద్రాసు చేరాక ఏం జరిగిందో మన ఉద్యోగులంతా తెలుసుకోదగినది. టి. సుందరరావుగారు మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వోద్యోగి. కిండర్‌గార్టెన్ కాగితం మడతలు చూసి, వాటితో రేఖాగణితం మొత్తం నేర్పవచ్చునని ఆయనకు తోచింది. 1893లో మద్రాసులో ఆ విషయం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. వృత్తలేఖిని అక్కరలేకుండా, కాగితం ముక్కలు, ఒక చిన్న చాకుతో చతురస్రం, సమబాహు త్రిభుజం, షడ్భుజి ఎలా తేవాలో అందులో చూపించారు. ప్రసిద్ధ జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ 1895లో తన పుస్తకంలో దాన్ని ప్రస్తావించాడు. 1901లో అమెరికాలో ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చువేశారు. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన ఒక ఉద్యోగి చేతిలో మామూలు కాగితం ప్రపంచ దేశాలకు పాఠమయింది.

మనవడికి కాగితం పడవ చేసిచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఈ మూల ఆ మూలకు కలిపితే ఏ ఆకారం వచ్చింది?" అని అడగండి. సుందరరావుగారి పద్ధతి అదే.

వార్ధా నుంచి నారాయణగూడ దాకా

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ఏర్పాటు చేసిన విద్యా సమావేశం చేతిపని కేంద్రంగా చదువు సాగాలని తీర్మానించింది. ఆ పథకాన్ని రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఆయన 1897 ఫిబ్రవరి 8న పుట్టింది మన హైదరాబాదులోనే. 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పిల్లల కోసం ఉర్దూలో కథలు కూడా రాశారు. మనలో కొందరు బడిలో తకిలి పట్టి నూలు వడికింది ఆ బేసిక్ విద్య ప్రభావం వల్లనే. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సిఫారసు మీద అదే ఆలోచన 'సమాజోపయోగ ఉత్పాదక పని' అన్న పేరుతో మళ్లీ పాఠ్యప్రణాళికలోకి వచ్చింది. పరీక్షలో మార్కులు తక్కువ కావడంతో ఆ పీరియడు చాలా చోట్ల లెక్కల టీచరుకో సైన్సు టీచరుకో పోయింది.

బడి చేయలేకపోయిన పనిని కొంతవరకు రేడియో చేసింది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలందరికీ ఆత్మీయులయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. 1945లో 'బాల' పత్రిక ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చి, నారాయణగూడ కేంద్రంగా బాలానందం కొనసాగించారు. పిల్లల కోసం పెద్దలు చేసే కార్యక్రమాల స్థానంలో పిల్లలే పాడి, ఆడి, నాటికలు వేసే కార్యక్రమాలు రావడం వారి చలవే. కామేశ్వరిగారు 1980లోనూ రాఘవరావుగారు 1984లోనూ కన్నుమూశారు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ 1966లో మొదలయింది. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, చేతిపనులు, బొమ్మల తయారీ అతి తక్కువ రుసుముతో నేర్పే ప్రభుత్వ సంస్థ అది. ఎండాకాలంలో పిల్లలను నడిపించుకుంటూ అక్కడ దించి, చెట్టు కింద కూర్చుని పేపరు చదువుకున్న తల్లిదండ్రులు మనలో కొందరైనా ఉండే ఉంటారు.

టీవీ టవరు నీడలో

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయింది. 1987లో 'రామాయణం' ధారావాహిక వచ్చాక ఆదివారం ఉదయం వీధులు బోసిపోయాయి. మన మూసారాంబాగ్‌లో బస్సు ఆగే చోటుకే టీవీ టవర్ అని పేరుపడింది. ఆనక కేబుల్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది. ఖాళీ జాగాల్లో అపార్టుమెంట్లు లేచాయి. జొన్న సొప్ప ఉన్న పల్లె దూరమయింది.

వీటిని తిట్టి ప్రయోజనం లేదు. దూరాన ఉన్న పిల్లల ముఖం మనకు చూపిస్తున్నది ఆ ఫోనే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదనీ, తక్కువైతే మరీ మంచిదనీ అందులో చెప్పారు. మిగతా గంటలకు ఏం చేయాలో చెప్పవలసింది ఇంట్లో ఉన్న పెద్దలు.

ఈ దారిలో చేయూతగా అరవింద్ గుప్తాగారి కృషి ఉంది. ఐఐటీ కాన్పూరులో చదివిన ఈ ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు, పాత వార్తాపత్రికలు, ఖాళీ సీసాలతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పారు. అగ్గిపుల్లల నమూనాల మీద ఆయన పుస్తకం కూడా వచ్చింది. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. పుస్తకాలు కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. చెత్తబుట్టలోకి పోయే వస్తువును చేతిలోకి తీసుకోవడమే ఆయన పద్ధతి. మన నాయనమ్మలు, అమ్మమ్మలు చేసిందీ అదే.

మన వంతు

సభ్యమిత్రులు ఆలోచించవలసింది ఇక్కడే. బడి ఈ విద్యను పీరియడుగా పెట్టి వదిలేసింది. రేడియో కాలం గడిచింది. మన పిల్లలకు ఉద్యోగాల ఒత్తిడి, వారిలో చాలామంది పట్నంలోనే పెరిగారు. ముంజకాయ బండి తినగా విన్నారే గాని తోసి ఎరుగరు. మధ్యలో ఒక తరం తెగింది. తాతకు వచ్చి తండ్రికి రాని విద్య మనవడికి చేరాలంటే తాత చేతి నుంచే చేరాలి. ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు పోతే ఆ అవకాశం కూడా ఉండదు.

పైగా ఈ పనికి కావలసినవన్నీ మన దగ్గర ఉన్నాయి. తీరిక ఉంది. ఓపిక ఉంది. ఒకవైపు రాసిన పాత కాగితాలు, ఫైళ్లకు కట్టే ట్యాగులు, క్యాలెండరు అట్టలు ప్రతి పెన్షనరు బీరువాలోనూ ఉంటాయి. జిగురు కొననక్కరలేదు, మైదాపిండి నీళ్లలో కలిపి ఉడికిస్తే చాలు. మూడు నాలుగేళ్ల వారికి కాగితం చింపడం, పిండిముద్దతో బొమ్మలు చేయడం. అయిదారేళ్ల వారికి పడవ, గిరక, అట్టముక్కల రైలు. ఏడెనిమిదేళ్ల వారికి మనం దగ్గరుండగా కత్తెర, సూది దారం. బొమ్మ వంకరగా వచ్చినా సరిచేయాలని తొందరపడవద్దు. ఉద్యోగంలో డ్రాఫ్టులు దిద్దిన అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఒక సూచన. అన్నీ నేర్పాలని పెట్టుకోకుండా ఈ వేసవిలో ఒక్కొక్కరం మనకు బాగా వచ్చిన ఒక్క పని నేర్పుదాం. ఒకరికి తాటాకు బూర, ఒకరికి గుడ్డబొమ్మ, ఇంకొకరికి కత్తి పడవ. మనవలు దగ్గర లేనివారు కాలనీలో పిల్లలను పిలవవచ్చు. మన సంఘం హాలులో వారానికొక సాయంత్రం ఇందుకు కేటాయించుకున్నా బాగుంటుంది.

జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. తొలకరి పడి వీధిలో నీళ్లు పారుతుండగా పిల్లవాడు తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, ఎవరినీ అడగకుండా పడవ చేసి వదిలి, పక్కింటి పిల్లకు కూడా చేసి చూపిస్తే, మన సెలవులు సార్థకమైనట్టే.